పుదుచ్చేరి ఇళ్లలో ఫ్రెంచి ఎంత, తమిళం ఎంత?

పుదుచ్చేరి వెళ్లి వచ్చినవాళ్ల ఫోన్లలో ఒక పసుపు గోడ తప్పకుండా ఉంటుంది. గోడ మీదుగా వాలిన కాగితంపూల గుబురు, ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధి పేరు రాసిన నీలిరంగు పలక, ముందు నిలబడి నవ్వుతున్న మనిషి. ఇల్లు మాత్రం ఫోటోలో కనిపించదు. అది ఫోటో తీసినవాళ్ల పొరపాటు కాదు. ఆ ఇంటిని కట్టిందే వీధికి కనబడకుండా.

అక్కడి నుంచి సముద్రానికి వీపు పెట్టి పడమటికి కాసేపు నడిస్తే ఊరిని నిలువునా చీల్చే పెద్ద కాలువ వస్తుంది. అది దాటాక ఇళ్ల తీరు మారిపోతుంది. వీటికి ప్రహరీ గోడ లేదు. వీధిలోకి దిగిన పెంకుల చూరు, చూరును మోసే కొయ్య స్తంభాలు, వాటి వెనక అరుగు, అరుగు వెనక నగిషీ తలుపు. తలుపు తీసి ఉంటే నడవలోంచి లోపలి వెలుగు వీధి దాకా కనిపిస్తుంది. ఇక్కడ ఫోటోలు దిగేవాళ్లు తక్కువ.

కాలువకు తూర్పున ఫ్రెంచి ఇళ్లు, పడమట తమిళ ఇళ్లు అని గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పాలకులు కూడా అలాగే తేల్చారు. తూర్పు భాగాన్ని తెల్లవారి పట్టణమనీ, పడమటి భాగాన్ని నల్లవారి పట్టణమనీ విడదీసి పిలిచారు. మొదటిది వైట్ టౌన్ అన్న పేరుతో హోటళ్ల బోర్డుల మీద ఇప్పటికీ బతికే ఉంది. రెండోదాన్ని మర్యాద కోసం తమిళ వాడ అంటున్నారు. మనుషులను విడదీసిన గీతగా ఆ కాలువ నిజమే. ఇళ్లను విడదీసే గీతగా మాత్రం అది సగమే పనికొస్తుంది. రెండు వైపులా అదే ఇటుక, అదే సున్నం, అదే టేకు దూలం, అదే మిద్దె. తేడా అంతా ఒక్క చోట ఉంది: ఇల్లు వీధితో ఎలా మసలుతుంది అన్న దగ్గర.

ముందు ఊరి సంగతి. ఫ్రెంచి కంపెనీ తరఫున ఫ్రాన్స్వా మార్టిన్ ఇక్కడ స్థిరపడింది 1674లో. 1693లో డచ్చివాళ్లు ఊరిని పట్టుకుని 1699 దాకా ఉంచుకున్నారు. తిన్నని వీధులు ఒకదాన్నొకటి లంబంగా కోసుకుంటూ చదరంగపు పలకలా సాగే నేటి పుదుచ్చేరి రూపం, వాళ్లున్న ఆ కొద్ది కాలంలో గీసిన పటాల్లో కనిపిస్తుంది. ‘ఎంత చక్కటి ఫ్రెంచి వీధులు’ అని మనం మురిసిపోయే వీధుల గీతల్లో డచ్చి చెయ్యి ఉందన్నమాట.

రెండో సంగతి ఇంకా పెద్దది. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్లకు లొంగిపోయింది. మూడేళ్ల ముందు ఫ్రెంచివాళ్లు కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటను నేలమట్టం చేశారు. ఆ కక్షతో మద్రాసు గవర్నరు పిగట్ ఈ ఊరిని కూల్చే పని పెట్టుకున్నాడు. కోట, గవర్నరు భవనం, తెల్లవారి ఇళ్లు నేలపాలయ్యాయి. 1763 సంధితో ఊరు ఫ్రెంచివాళ్ల చేతికి తిరిగి వచ్చాక, 1765 నుంచి జాన్ లా పాలనలో పాత పునాదుల మీదే మళ్లీ కట్టడం మొదలైంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే కాలపు వైభవమంటూ చూపించే ఇళ్లలో చాలావాటిని డూప్లే చూడలేదు. ఆయన 1754లోనే ఓడెక్కి వెళ్లిపోయాడు. వైట్ టౌన్‌లో మనం చూసేదంతా దాదాపుగా ఆ కూల్చివేత తర్వాతి కట్టడమే, అందులోనూ ఎక్కువ భాగం పందొమ్మిదో శతాబ్దానిది.

ఆ విధ్వంసాన్ని తప్పించుకున్న అతి కొద్ది ఇళ్లలో ఒకటి కాలువకు పడమట, నల్లవారి పట్టణంలో ఉంది. డూప్లేకు దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై ఇల్లది. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడనే మాట సరిపోదు. వర్తకం, రాయబారం, అప్పులు, తగవులు అన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. 1736 నుంచి తాను కన్నుమూసిన 1761 దాకా ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య, దక్షిణ భారత చరిత్రకారులకు ఇవాళ్టికీ అక్షయపాత్ర. తెలుగువాళ్లకు ఆయన మరో దారిలో తెలుసు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి ‘ఆనందరంగరాట్ఛందం’ అన్నాడు. పద్యలక్షణాలు వెతుక్కుంటూ ఆ పేరు చదివినవాళ్లలో ఎంతమంది ఆ రంగరాజు ఇల్లు పుదుచ్చేరి బజారు సందడి మధ్య ఇంకా నిలిచి ఉందని ఎరుగుదురో!

ఆ ఇంటి ముంగిట్లో నిలబడి పైకి చూస్తే ఈ వ్యాసం సగం చదివినట్టే. కింది అంతస్తులో చతురస్రపు ముంగిలి, దాని చుట్టూ చెక్కడపు పనితనమున్న కొయ్య స్తంభాలు. పైఅంతస్తులోనూ అదే చతురస్రం చుట్టూ స్తంభాలు, కాని ఈసారి ఇటుకతో కట్టి సున్నం పూసిన లావాటి తెల్లని ఐరోపా స్తంభాలు. కింద తమిళం, పైన ఫ్రెంచి. రెండూ ఒకే ఆకాశాన్ని చుట్టుకుని నిలబడ్డాయి. ఎవరూ ఎవరి మీదా రుద్దింది కాదిది. ఊళ్లో పలుకుబడి గల ఒక వ్యాపారి, తన డబ్బుతో, తన అభిరుచి కొద్దీ కట్టించుకున్నాడు. పుదుచ్చేరి ఇళ్ల వ్యవహారమంతా ఈ రెండంతస్తుల్లో చిన్నరూపంలో కనబడుతుంది.

ఇక రెండు రకాల ఇళ్ల లోపలికి వెళ్దాం.

వైట్ టౌన్ ఇల్లు వీధికి గోడను మాత్రమే ఇస్తుంది. ఆ గోడ బోడిగా ఉండదు. నిలువుగా అంటుకున్న అర స్తంభాలు, అడ్డంగా సాగే పట్టీలు దాన్ని గళ్లు గళ్లుగా విడగొడతాయి. మధ్యలో భారీ ద్వారం. అది తెరిస్తే చెట్లున్న పెరడు లాంటి ఖాళీ, ఆ ఖాళీ వైపు ముఖం పెట్టి కొన్ని మెట్ల ఎత్తున వరసగా స్తంభాలున్న వసారా, దాని వెనక ఎత్తైన గదులు. అలంకారమంతా లోపలికే. వీధిలో పోయేవాడికి చూపించాలని ఆ ఇంటికి తహతహ లేదు. కిటికీలకు గాజుకన్నా ముఖ్యమైనవి వాలు చెక్కలు పేర్చిన తలుపులు. మధ్యాహ్నం సముద్రపు గాలిని రానిస్తూనే ఎండను బయట ఆపేస్తాయవి. కొన్ని ఇళ్ల గోడలు వీధి అంచునే నిలిచి ఉంటాయి కాబట్టి తోట ఉందన్న సంగతి పైనుంచి తొంగిచూసే కొమ్మలను బట్టి తెలియాలి.

తమిళ ఇల్లు ఇందుకు పూర్తిగా ఎదురు. వీధి నుంచి గర్భగుడి లాంటి చివరి గది దాకా, అంచెలంచెలుగా మనిషిని లోపలికి తీసుకుపోతుంది. ఆ అంచెల పేర్లు వింటే తెలుగువాడికి పరాయితనం అనిపించదు.

మొదటిది తాళ్వారం. ఇది మన నిఘంటువుల్లోనూ ఉన్న మాటే. ఇంటి గోడ నుంచి వీధి వైపు వాలే పెంకుల చూరు, దాన్ని మోసే సన్నని కొయ్య స్తంభాలు. పక్కపక్క ఇళ్ల గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఈ చూర్లు కలిసిపోయి ఒకప్పుడు వీధి పొడవునా నీడ దారి ఏర్పడేది. ఆగి ఆలోచించాల్సిన విషయమిది. కట్టించింది ఇంటివాడు, పెంకులు మార్పించేది ఇంటివాడు, ఆ నీడలో నడిచేది మాత్రం ఊరివాడు. వానలో చిక్కుకున్న కూరగాయల మనిషి గంప దించుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

రెండోది తిణ్ణై. మన తిన్నెకు సొంత అక్క. తలుపుకు రెండు పక్కలా నున్నగా గచ్చు చేసిన అరుగు, కొన్నిచోట్ల తల ఆనించుకోవడానికి వాలుగా కట్టిన దిండు లాంటి దిమ్మ కూడా ఉంటుంది. చుట్టాలు, బేరగాళ్లు, కబుర్ల రాయుళ్లు ఇంట్లో అడుగు పెట్టకుండానే ఇంటికి వచ్చిపోయే చోటిది. ఎవరిని అరుగు మీదే ఆపాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్న కులం లెక్కలు కూడా ఈ అరుగు మీదే నడిచాయి. అరుగు గురించి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు. తమిళ వాడలో వీధులు పంచిందే కులాన్ని, వృత్తిని, మతాన్ని బట్టి. చెట్టి వీధి, వెళ్లాళ వీధి, కాజీ వీధి, ముల్లా వీధి అన్న పేర్లు ఆ పంపకాన్ని దాచుకోకుండా చెబుతాయి.

తర్వాత తలుపు, సన్నని నడవ, ఆపైన ముట్రం. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్లకు దీన్ని వర్ణించి చెప్పక్కర్లేదు. నాలుగు వైపులా లోపలికి వాలిన చూర్లు, నడుమ ఆకాశం, వానాకాలంలో నాలుగు చూర్ల నీళ్లూ అక్కడికే. గదులన్నీ దాని చుట్టూ. వైట్ టౌన్ ఇంటికి ఖాళీ జాగా గోడకూ గదులకూ మధ్య ఉంటే, ఈ ఇంటికి అది కడుపులో ఉంది. ఎండకు వేడెక్కిన గాలి ముట్రంలోంచి పైకి పోతుంటే, వీధి వైపు నడవలోంచి చల్లగాలి లోపలికి సాగుతుంది. ఫ్రెంచి ఇల్లు వాలు చెక్కల కిటికీలతో చేసే పనిని తమిళ ఇల్లు ఖాళీ జాగాతో చేస్తుంది.

ఈ రెండు నమూనాలూ కలిసిన ఇళ్లు ఊళ్లో ఎన్నో. డబ్బున్న తమిళ కుటుంబాలు కింద తాళ్వారాన్నీ తిణ్ణైనీ అలాగే ఉంచుకుని, పైన అంతస్తు వేసేటప్పుడు కమాను కిటికీలు, గీతలు తీసిన స్తంభాలు, గచ్చు పూలు, పిట్టగోడ మీద గుండ్రటి బుడిపెల వరసలు పెట్టించుకున్నారు. ఎండలో నడిచేవాడికి కింది నీడ, తలెత్తి చూసేవాడికి పై హోదా. క్రైస్తవులుండే వీధుల్లో, కేథడ్రల్ పరిసరాల్లో ఈ ఫ్రెంచి పాలు కాస్త ఎక్కువ. దక్షిణాన ముస్లిం వీధుల్లో పైఅంతస్తు నుంచి ముందుకు వచ్చే బాల్కనీలు ప్రత్యేకం. ఇంకా వింత చూడాలంటే ఎంజీ రోడ్డులో కన్యకాపరమేశ్వరి గుడికి వెళ్లండి. మన కోమట్ల కులదేవత గుడికి ఐరోపా చర్చిల తరహా రంగుటద్దాలు కనిపిస్తాయి.

మరి ఫ్రెంచి ఇంట్లో తమిళం ఎంత? తల పైకెత్తితే తెలుస్తుంది. ఈ ఊళ్లోని పాత ఇళ్లకు, గవర్నరు బంగళా అయినా చెట్టిగారి మేడ అయినా, నెత్తిన ఉన్నది మద్రాసు టెర్రస్ అని పిలిచే మిద్దె. ఇది ఫ్రాన్సులో పుట్టింది కాదు. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద జానెడు మూరెడు ఎడంతో అడ్డ కర్రలు. ఆ కర్రల మీద పలుచటి చిన్న ఇటుకలను పక్కవాటుగా నిలబెట్టి, మూల నుంచి మూలకు ఏటవాలు వరసల్లో సున్నంతో అతికిస్తూ పోతారు. కింద చెక్కలతో దన్ను పెట్టకుండానే ఒక వరస మరో వరసను పట్టుకుని నిలుస్తుంది. మేస్త్రీ చెయ్యి తిరిగి ఉండటమంటే అది. అది గట్టిపడ్డాక పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన దళసరి పొర. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ, చెక్కలతో ఆ పొరను రోజుల తరబడి కొడతారు. చెక్క పైకి ఎగిరి మోగేంత గట్టిపడేదాకా కొట్టడం ఆగదు. ఆపైన పలకల పెంకులు, సన్నని పూత. కప్పులోంచి నీళ్లు కారకపోతే ఆ ఘనత ఆ చేతులదే.

గోడలకు వాడింది గానుగ సున్నం. సముద్రం పక్కనే కాబట్టి గవ్వలు, నత్తలు కాల్చి చేసే గుల్ల సున్నానికి కొదవ లేదు. పూత మీద పూతగా వేసి, నున్నటి రాయితో తోమి తోమి పాలరాయి మెరుపు తెప్పించేవారు. బొమ్మ గీసి ఇచ్చింది ఫ్రెంచి ఇంజినీరే కావచ్చు. ఆ స్తంభానికి నునుపు తెచ్చిన మేస్త్రీ సాయంత్రం కాలువ దాటి, తాళ్వారమున్న వీధికే వెళ్లాడు. రెండు వాడల మధ్య శిల్పం అటూ ఇటూ నడిచింది ఎక్కువగా ఇలాంటి కాళ్ల మీదే అని నా అభిప్రాయం.

వైట్ టౌన్‌లో మూడో రంగు కూడా ఉంది, బూడిద రంగు. అరవిందులు 1910లో ఇక్కడికి వచ్చారు, 1926లో ఆశ్రమం ఏర్పడింది. కాలక్రమంలో ఈ వాడలో ఎన్నో పాత ఇళ్లు ఆశ్రమానివయ్యాయి. లేత బూడిద గోడ, తెల్లని అంచులు కనిపిస్తే అది ఆశ్రమపు ఇల్లని గుర్తుపట్టవచ్చు. ఆ వరసలోనే ఫ్రెంచీ తమిళమూ కాని ఒక భవనం ఉంది. పేరు గోల్కొండ్. అవును, మన గోల్కొండే. ఆశ్రమవాసులకు వసతిగృహం కట్టడానికి హైదరాబాదు నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ లక్ష రూపాయల విరాళం వచ్చేలా చూశారు. అందుకే ఆ పేరు. చెక్ దేశంలో పుట్టి జపాన్‌లో స్థిరపడ్డ ఆంటొనిన్ రేమండ్ దీని రూపకర్త. నిర్మాణం 1937లో మొదలైంది. కలప పనిలో తర్వాత ప్రపంచ ప్రసిద్ధి పొందిన జార్జ్ నకషిమా యువకుడిగా ఇక్కడే ఉండి పని చూసుకున్నాడు. దేశంలో తొలి ఆధునిక ఆర్‌సీసీ భవనాల్లో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు.

దాని ఉత్తర, దక్షిణ ముఖాలకు కిటికీలు లేవు, ఎందుకంటే ఆ ముఖాలే కిటికీలు. నిలువెల్లా అడ్డ పలకలు, తిప్పితే తెరుచుకుంటాయి, తిప్పితే మూసుకుంటాయి. పక్క వీధి ఫ్రెంచి ఇంటి వాలు చెక్కల తలుపును తీసుకుని, గోడంత పెంచినట్టు ఉంటుంది. గదికీ నడవాకూ మధ్య జరిపే టేకు తలుపులు. ఫ్యాను లేని కాలంలో సముద్రపు గాలి ఒక ముఖంలో దూరి మరో ముఖంలోంచి పోవాలని లెక్క వేసి కట్టారు. కాంక్రీటుతో కట్టినా, ఈ ఊరి ఎండకూ గాలికీ పాత ఇళ్లు చెప్పిన సమాధానమే ఇదీ చెప్పింది. అనుమతి లేనిదే లోపలికి రానివ్వరు. బయటి గోడ పక్కన నిలబడి చూసినా కొంత తెలుస్తుంది.

ఇప్పుడు నష్టాల లెక్క. రెండు వాడలూ శిథిలమవుతున్నా ఒకే రకంగా కావడం లేదు. వైట్ టౌన్ గోడకు మార్కెట్ ఉంది. హోటలు పెట్టినా, కాఫీ కొట్టు పెట్టినా, ఆ గోడే పెట్టుబడి. కాబట్టి లోపల ఎన్ని మార్పులు జరిగినా గోడకు ఏటేటా పసుపు పడుతుంది. తమిళ ఇంటికి అలాంటి ముఖం లేదు. దాని ముఖమే తాళ్వారం. రోడ్డు వెడల్పు కావాలన్నా, కార్లు నిలపాలన్నా, దుకాణానికి షట్టరు పెట్టాలన్నా మొదట తెగేది అదే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ముట్రం మధ్యలో గోడ లేస్తుంది, లేదా దాని మీద రేకు పడుతుంది. ఒకసారి ముట్రం మూసుకుపోయాక పట్టపగలు కూడా దీపం వేసుకోవలసిన ఆ ఇంట్లో ఎవరికీ ఉండబుద్ధి కాదు. ఆ తర్వాత అమ్మకం, కూల్చివేత, నాలుగంతస్తులు.

మరమ్మతు పేరిట జరిగే నష్టం వేరు. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమకు బయటికి దారి ఉండదు. ఉప్పుగాలి ఊరు కదా, గోడ చౌడు పట్టి లోపలి నుంచి పొడిపొడిగా రాలుతుంది. పైకి సిమెంటు మాత్రం బాగానే కనిపిస్తుంది, పెచ్చు ఊడే రోజు దాకా. నిర్లక్ష్యం ఎంత దూరం తీసుకుపోతుందో సముద్రపు ఒడ్డునే అందరూ చూశారు. 1870ల నాటి పురపాలక భవనం, ఊళ్లోవాళ్లు మేరీ అని పిలుచుకునేది, 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. పాత రూపంలోనే మళ్లీ కట్టి 2021లో తెరిచారు. చూడటానికి బాగుంది. 1870ల ఇల్లు మాత్రం అది కాదు.

మంచి ఉదాహరణా ఉంది. వైశ్యాళ్ వీధిలో పురపాలక సంఘం, వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ కలిసి, ఐరోపా సమాఖ్య సాయంతో, తమిళ ఇళ్ల వీధి ముఖాలను వరసగా బాగు చేయించాయి. ఇటలీలోని ఉర్బినో, ఫ్రాన్సులోని విల్నవ్ సుర్ లో పట్టణాలు ఆ పథకంలో భాగస్వాములు. దానికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. ఒక్కొక్క ఇంటిని విడిగా కాకుండా వీధిని మొత్తంగా తీసుకోవడం ఇందులోని తెలివి. తాళ్వారం ఒక్క ఇంటికి ఉంటే అది చూరు, వరసగా ఉంటేనే దారి.

అయినా నా మనసులో ఒక పేచీ మిగిలే ఉంది. వీధి ముఖం బాగు చేయడమనే పద్ధతి వైట్ టౌన్ ఇంటికి అతికినట్టు తమిళ ఇంటికి అతకదు. గోడకు రంగు వేస్తే గోడ పని పూర్తవుతుంది, గోడ పనే అడ్డుగా నిలబడటం. తిణ్ణైకి రంగు వేస్తే దాని పని పూర్తి కాదు, అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి. యానాం నుంచి 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రాజధానిలో పని చూసుకోవడానికి వచ్చే మనవాళ్లు, కాస్త తీరిక దొరికితే బీచి వైపు కాకుండా ఒకసారి ఇటు నడిచి చూడాలి. సాయంత్రం ఆరింటికి ఈ వీధుల్లో కొన్ని అరుగుల మీద ఇంకా పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు. మరికొన్నింటికి స్తంభం నుంచి స్తంభానికి ఇనుప ఊచల కటకటాలు, వాటికి తాళం, ఊచల వెనక గచ్చు మీద పేపరు పరిచి నిలబెట్టిన స్కూటరు.